టెక్ సందేహాలు: వర్చువల్ మెషీన్‌లో గడియారం ఎందుకు పరుగెడుతుంది?

ప్రశ్న: మాది ఏనుమాముల మార్కెట్‌ల అడ్తి దుకాణం. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పాతది, విండోస్ ఎక్స్‌పీలనే నడుస్తది. అందుకే విండోస్ 7 ఉన్న పీసీల వీఎంవేర్ ప్లేయర్ (ఒక కంప్యూటర్‌ల ఇంకో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఏసి, అండ్ల ఎక్స్‌పీ పెట్టినం. పీసీల అథ్లాన్ 64 ఎక్స్2 ప్రాసెసర్ ఉన్నది, 2 గిగాహెర్ట్జ్. సీజన్‌ల ఎక్స్‌పీ గడియారం ఉరుకుతున్నది. కాంటా చిట్టీ మీద 10.40 ఉంటే బిల్లు మీద 11.20 పడుతున్నది. పీసీ గడియారం మాత్రం సక్కగనే ఉన్నది. వీఎంవేర్ టూల్స్‌ల టైమ్ సింక్ టిక్ పెట్టినా ఫాయిదా లేదు.
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ముందుగా ఒక చిన్న పరీక్ష చేయండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, బిల్లులు బాగా కొడుతున్న సమయంలో సరిగ్గా 10 నిమిషాలు చూడండి. ఎక్స్‌పీలో దాదాపు 20 నిమిషాలు గడిస్తే మీ కంప్యూటర్ జబ్బు ఏమిటో తేలిపోయినట్టే. ఈ తరం అథ్లాన్‌లలో ‘కూల్ అండ్ క్వయట్’ అనే విద్యుత్ పొదుపు ఏర్పాటు ఉంటుంది. పని లేనప్పుడు ప్రాసెసర్‌ను 1 గిగాహెర్ట్జ్‌కు దించి, పని పడగానే 2కు పెంచుతుంది. గడియారం తేడా కూడా అదే నిష్పత్తిలో ఉంటే కారణం కోసం ఇంకెక్కడా వెతకనక్కర్లేదు.

ఇదెందుకు జరుగుతుందంటే, ప్రాసెసర్‌లో టైమ్ స్టాంప్ కౌంటర్ (టీఎస్‌సీ) అని ఒకటి ఉంటుంది. 1993లో పెంటియంతో వచ్చింది. పాత ప్రాసెసర్లలో ఇది ఒక్కో సైకిల్‌కు ఒక్కో అంకె పెరుగుతుంది. వీఎంవేర్ మొదలైనప్పుడు సెకనుకు ఎన్ని అంకెలు పెరుగుతున్నాయో కొలిచి పెట్టుకుంటుంది. ఆ తర్వాత అంకెల్ని బట్టే ఎక్స్‌పీకి గడియారపు టిక్కులు పంపుతుంది. ఒక మనిషి నిమిషానికి వంద అడుగులు వేస్తాడని లెక్కగట్టి, అడుగుల్ని బట్టి టైమ్ చెబుతున్నామనుకోండి. అతను పరుగందుకుంటే మన లెక్కలో నిమిషాలు ఊరికే గడిచిపోతాయి. మీరు పొద్దున దుకాణం తెరిచి వీఎంవేర్ మొదలుపెట్టే సమయానికి ప్రాసెసర్ 1 గిగా దగ్గర కునుకు తీస్తూ ఉండి ఉంటుంది. కొలత అప్పుడు జరిగింది. బిల్లులు మొదలై వేగం 2 గిగాకు చేరాక ఎక్స్‌పీ గడియారం రెండింతలు ఉరుకుతోంది. ఒకవేళ కొలత 2 గిగా దగ్గర జరిగి, తర్వాత ప్రాసెసర్ నెమ్మదిస్తే ఇదే గడియారం వెనకబడేది. అందుకే కొన్ని రోజులు ముందుకు, కొన్ని రోజులు వెనక్కి అన్నట్టు ఉంటుంది. విండోస్ 7 తన గడియారాన్ని ఈ కౌంటర్‌తో నడపక్కర్లేదు, మదర్‌బోర్డు మీద వేగం మారని టైమర్లు ఉన్నాయి. అందుకే అది సక్కగా ఉంది.

టూల్స్‌లో టిక్ పెట్టినా పని జరగకపోవడానికీ కారణం ఉంది. పాత వీఎంవేర్ టూల్స్ (ఎక్స్‌పీ లోపల వేసే సహాయక సాఫ్ట్‌వేర్) నిమిషానికోసారి చూసి, గెస్ట్ (లోపల నడిచే వ్యవస్థ, ఇక్కడ ఎక్స్‌పీ) గడియారం వెనకబడి ఉంటే ముందుకు తోస్తాయి. ముందుకు వెళ్లిన గడియారాన్ని వెనక్కి లాగవు. ఎక్స్‌పీలో ‘ఇంటర్నెట్ టైమ్’ ట్యాబ్‌ను నమ్ముకున్నా లాభం లేదు, అది మామూలుగా వారానికి ఒక్కసారే సరిచూస్తుంది. పైగా ఈ రోజుల్లో ఎక్స్‌పీని ఇంటర్నెట్‌కు కలపకపోవడమే మంచిది.

సరిచేయడానికి రెండు దారులున్నాయి. మొదటిది, వేగం మారకుండా కట్టేయడం. విండోస్ 7 కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో మీరు వాడుతున్న ప్లాన్ పక్కన ‘చేంజ్ ప్లాన్ సెట్టింగ్స్’, ఆ తర్వాత అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ‘ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్’ తెరిచి ‘మినిమమ్ ప్రాసెసర్ స్టేట్’ను 100 శాతం చేయండి. ఐదు నిమిషాల పని. కానీ ప్రాసెసర్ రోజంతా పూర్తి వేగంతో నడుస్తుంది, కరెంటు పోతే యూపీఎస్ బ్యాకప్ తగ్గుతుంది. పత్తి దూది, మిర్చి ఘాటు నిండిన గాలిలో ఫ్యాన్ రెక్కలు, హీట్‌సింక్ సందులు తొందరగా పూడుకుపోతాయి. ఎండాకాలంలో ఆ పీసీని అంత వేడెక్కించడం నాకు నచ్చదు.

నా సలహా రెండో దారి. వీఎంవేర్‌కు అసలు వేగం ఎంతో మనమే చెప్పేయాలి. ఎక్స్‌పీని షట్‌డౌన్ చేసి, వీఎంవేర్ పూర్తిగా మూసేయండి. సీ డ్రైవ్‌లో దాచి ఉండే ‘ప్రోగ్రామ్‌డేటా’ ఫోల్డర్, అందులో ‘వీఎంవేర్’, అందులో ‘వీఎంవేర్ ప్లేయర్’ ఫోల్డర్ తెరవండి. అక్కడున్న ‘కాన్ఫిగ్ డాట్ ఐఎన్‌ఐ’ ఫైలును ముందు కాపీ చేసి పెట్టుకోండి. తర్వాత నోట్‌ప్యాడ్‌ను ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’తో తెరిచి, అందులోంచి ఈ ఫైలును తెరిచి చివర మూడు వరుసలు చేర్చండి. మొదటి వరుస ‘హోస్ట్ డాట్ సీపీయూకేహెచ్‌జెడ్’, దాని విలువ 2000000. రెండోది ‘హోస్ట్ డాట్ నోటీఎస్‌సీ’, విలువ ట్రూ. మూడోది ‘పీటీఎస్‌సీ డాట్ నోటీఎస్‌సీ’, విలువ ట్రూ. ఇవన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. మొదటి వరుసలో సీపీయూకే అన్నవి చిన్న అక్షరాలు, హెచ్ పెద్దది, జెడ్ చిన్నది. మిగతా రెండింటిలో టీఎస్‌సీ పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఫైల్లో ఇప్పటికే ఉన్న వరుసల్లాగే మధ్యలో సమానం గుర్తు, విలువకు అటూఇటూ కొటేషన్ గుర్తులు పెట్టండి. పీసీని రీస్టార్ట్ చేయండి.

చాలామంది తప్పు చేసేది ఆ అంకె దగ్గరే. అది కిలోహెర్ట్జ్‌లో ఉండాలి. 2 గిగా అంటే రెండు పక్కన ఆరు సున్నాలు, కామాలు పెట్టొద్దు. సిస్టమ్ మానిటర్‌లో ఆ క్షణాన కనిపించే వేగం కాదు, ప్రాసెసర్‌కు ఉన్న గరిష్ఠ వేగం రాయాలి. సున్నా ఒకటి తగ్గితే గడియారం ఇంకా పిచ్చిగా తిరుగుతుంది. మార్చాక ఎక్స్‌పీలో టైమ్ ఒకసారి చేత్తో సరిదిద్ది, పైన చెప్పిన 10 నిమిషాల పరీక్ష మళ్లీ చేయండి. ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, బిల్లులు కొడుతున్నప్పుడు ఒకసారి. రెండింటిలోనూ తేడా లేకపోతేనే పని అయినట్టు. అప్పుడు మిగిలే కొద్దిపాటి వెనకబాటును టూల్స్ టిక్ చూసుకుంటుంది, దాన్ని తీయకండి.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ మూడేళ్ల కిందటిది. వర్చువల్‌బాక్స్‌లో (వీఎంవేర్ లాంటిదే) ఉబుంటు లినక్స్ ఉంది. మూత మూసి తెరిచాక ఉబుంటు టైమ్ 12 నిమిషాలు వెనక ఉంటోంది, గంటలు గడిచినా సర్దుకోదు. ‘ఆప్ట్ అప్‌డేట్’ (సాఫ్ట్‌వేర్ జాబితాను తాజా చేసే కమాండ్) కొడితే రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లదని ఎర్రర్ వస్తోంది. బ్యాటరీ మీద ప్రాసెసర్ వేగం తగ్గడం వల్లేనా?
- బీటెక్ విద్యార్థిని, కాజీపేట

జవాబు: కాదమ్మా. మీ ప్రాసెసర్‌లో పైన చెప్పిన టైమ్ స్టాంప్ కౌంటర్ ఒకే వేగంతో తిరుగుతుంది, వేగం మారినా, గాఢనిద్రలోకి వెళ్లినా. ఉబుంటులో ప్రాసెసర్ వివరాల ఫైలు, అంటే ‘ప్రాక్’ ఫోల్డర్‌లోని ‘సీపీయూఇన్ఫో’ చూడండి. ఫ్లాగ్స్ వరుసలో ‘కాన్‌స్టంట్ టీఎస్‌సీ’, ‘నాన్‌స్టాప్ టీఎస్‌సీ’ అన్న మాటలు ఉంటే వేగాన్ని అనుమానించాల్సిన పని లేదు. గెస్ట్‌లో ఈ మాటలు కనిపించకపోయినా కంగారు పడొద్దు, కొన్నిసార్లు వర్చువల్‌బాక్స్ వాటిని గెస్ట్‌కు చూపదు.

మీ దగ్గర జరుగుతున్నది వేరు. మూత మూసినప్పుడు వర్చువల్ మెషీన్ ఆగిపోయింది. ఆ 12 నిమిషాలు దానికి లేనే లేవు. తెరిచాక గెస్ట్ అడిషన్స్ (వీఎంవేర్ టూల్స్ లాంటిదే) 10 సెకన్లకోసారి తేడా చూస్తుంది. కానీ తేడా 20 నిమిషాల లోపు ఉంటే ముల్లును ఒక్కసారిగా తిప్పదు, గడియారాన్ని కొంచెం వేగంగా నడిపిస్తుంది. లినక్స్‌లో ఆ సవరణ సెకనుకు 500 మైక్రోసెకన్లు, అంటే రోజుకు 43.2 సెకన్లు. మీ 12 నిమిషాలు పూడాలంటే 16 రోజులు దాటుతుంది! 25 నిమిషాలు మూసి ఉంచితే వెంటనే సరి అవుతుంది, 12 నిమిషాలకు కాదు. వింతగా ఉన్నా లెక్క ఇదే.

ఆ 20 నిమిషాల హద్దును 1 సెకనుకు దించండి. హోస్ట్ (అసలు ల్యాప్‌టాప్) టెర్మినల్‌లో ‘వీబాక్స్‌మేనేజ్ గెస్ట్‌ప్రాపర్టీ సెట్’ కమాండ్, దాని తర్వాత మీ మెషీన్ పేరు, ఆ తర్వాత ‘/వర్చువల్‌బాక్స్/గెస్ట్‌యాడ్/వీబాక్స్‌సర్వీస్/--టైమ్‌సింక్-సెట్-థ్రెషోల్డ్’, చివర 1000. ఇది మిల్లీసెకన్లలో. ఇవీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే, పేర్లలో పెద్దచిన్న అక్షరాలు వర్చువల్‌బాక్స్ మాన్యువల్‌లో ఉన్నట్టే ఉండాలి. ‘టైమ్‌సింక్’ ముందు రెండు గీతలు వదిలేయకండి. గెస్ట్‌ను రీస్టార్ట్ చేస్తే అమల్లోకి వస్తుంది. ఉబుంటు సొంత టైమ్ సింక్‌ను మాత్రం ఆపేయండి, ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-ఎన్‌టీపీ ఫాల్స్’ కమాండ్‌తో. ఒక గడియారాన్ని ఇద్దరు దిద్దితే ఒకరి సవరణను ఇంకొకరు తప్పనుకుని వెనక్కి తిప్పుతారు.

ప్రశ్న: వర్చువల్‌బాక్స్‌లోని లినక్స్ ప్రతిసారీ సరిగ్గా ఐదున్నర గంటల తేడాతో లేస్తోంది.
- జగిత్యాల నుంచి

జవాబు: ఇది టైమ్ జోన్ గొడవ. మన టైమ్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. మెషీన్ సెట్టింగ్స్, సిస్టమ్, మదర్‌బోర్డ్‌లో ‘హార్డ్‌వేర్ క్లాక్ ఇన్ యూటీసీ టైమ్’ అని ఉంటుంది. లినక్స్ గెస్ట్‌కు టిక్ పెట్టండి, విండోస్ గెస్ట్‌కు తీసేయండి.

ప్రశ్న: మా ఆఫీసులో కేవీఎం (లినక్స్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే ఏర్పాటు) సర్వర్ మీద ఆరు లినక్స్ గెస్ట్‌లున్నాయి. సమయం తప్పకుండా ఉండాలంటే సీపీయూ గవర్నర్‌ను (ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే అమరిక) ‘పర్ఫార్మెన్స్’లో, అంటే ఎప్పుడూ పూర్తి వేగంలో, పెట్టమంటున్నారు. అవసరమా?
- కరీంనగర్ నుంచి

జవాబు: సమయం కోసమైతే అక్కర్లేదు. హోస్ట్‌లో పైన చెప్పిన రెండు ఫ్లాగ్‌లూ ఉన్నాయేమో చూసుకోండి. కెర్నల్ లాగ్‌లో ‘క్లాక్‌సోర్స్ టీఎస్‌సీ అన్‌స్టేబుల్’ (సమయానికి ఆధారమైన ఆ కౌంటర్ నమ్మదగ్గది కాదు) అన్న మాట ఉంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. కెర్నల్ (లినక్స్ గుండెకాయ) దాన్ని వదిలేసి మదర్‌బోర్డు మీది హెచ్‌పెట్ టైమర్‌కో ఏసీపీఐ టైమర్‌కో మారిపోతుంది. అవి చదవడానికి ఎక్కువ సమయం పడుతుంది, టైమ్‌ను పదే పదే అడిగే డేటాబేస్ నెమ్మదిస్తుంది. మదర్‌బోర్డు బయోస్ అప్‌డేట్ ఉందేమో ముందు చూడండి.

గెస్ట్‌లలో క్లాక్‌సోర్స్ ‘కేవీఎం-క్లాక్’గానే ఉండనివ్వండి. హోస్ట్‌లో క్రోనీ (టైమ్ సరిచూసే సాఫ్ట్‌వేర్) పెట్టి, ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ టైమ్ సర్వర్లకు కలపండి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాలు కంపెనీలను, డేటా సెంటర్లను అడుగుతున్నదీ అదే. గెస్ట్‌లు ఆరూ బయటికి వెళ్లి టైమ్ అడగాల్సిన పని లేదు. ప్రతి గెస్ట్‌లో ‘పీటీపీ-కేవీఎం’ మాడ్యూల్ లోడ్ చేస్తే ‘డెవ్’ ఫోల్డర్‌లో పీటీపీ పరికరం (గెస్ట్‌కు హోస్ట్ టైమ్ చూపేది), మామూలుగా ‘పీటీపీ0’ పేరుతో, కనిపిస్తుంది. గెస్ట్‌లోని క్రోనీ కాన్ఫిగరేషన్‌లో దాన్ని రెఫ్‌క్లాక్‌గా (ఆధార గడియారంగా), పీహెచ్‌సీ రకంగా, పోల్ 2తో రాయండి. పాత సర్వర్ వరుసలు తీసేయండి. ‘మేక్‌స్టెప్ 1 మైనస్ 1’ అన్న వరుస చేర్చితే, గెస్ట్‌ను పాజ్ చేసి లేపినప్పుడు 1 సెకను మించిన తేడాను ఎన్నిసార్లైనా ఒక్క దెబ్బతో దిద్దుతుంది. మామూలుగా వచ్చే అమరికలో అది బూట్ తర్వాత మొదటి మూడు సవరణలకే పరిమితం. చివరగా ‘క్రోనీసీ ట్రాకింగ్’ కొట్టి ‘సిస్టమ్ టైమ్’ వరుస చూడండి, తేడా సెకనులో లక్షో వంతు దరిదాపుల్లో కనిపించాలి.