గన్‌పార్క్ స్థూపం ఫోటోలో సరిగ్గా రావాలంటే

ప్రశ్న: జూన్ 2న హైదరాబాద్ గన్‌పార్క్‌లో అమరవీరుల స్థూపాన్ని ఫోటో తీశాను. పైనున్న పువ్వు వెలుగులో కొట్టుకుపోయింది, దిమ్మె నల్లటి ముద్దలా వచ్చింది, స్తంభం వెనక్కి వాలినట్టుంది. ఎలా తీయాలి? - ఒక పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలిచ్చినవారి కోసం శిల్పి ఎక్కా యాదగిరిరావు దిమ్మెను సంతాపానికి గుర్తుగా నల్లరాతితో, తొమ్మిది రేకుల పువ్వును తెల్లరాతితో మలిచారు. ఎండలో ఈ రెండూ ఒకే ఎక్స్‌పోజర్‌కు (కెమెరాలోకి వదిలే వెలుగు మోతాదుకు) లొంగవు. పలచగా మబ్బు పట్టిన రోజు వెళ్లండి. స్పాట్ మీటరింగ్‌తో, అంటే ఒక చిన్న చోటి వెలుగునే కొలిచే పద్ధతితో, పువ్వు మీద కొలిచి, ఒకటిన్నర స్టాప్ పెంచి (ఒక స్టాప్ పెంచితే వెలుగు రెట్టింపవుతుంది), కెమెరా కుదించని రా ఫైల్‌లో తీయండి. దిమ్మెలోని నీడలను తర్వాత ఎత్తుకోవచ్చు. రెండు స్టాప్‌ల తేడాతో మూడు ఫోటోలు తీసి ఒకటిగా కలపడం జనం లేనప్పుడే పనికొస్తుంది. జనం కదిలితే మనుషులు నీడల్లా వస్తారు.

దిమ్మె నాలుగు వైపులా తూటాల గుర్తుగా చెక్కిన చిన్న గుంటలున్నాయి. స్థూపానికి ప్రాణం అవే. మబ్బులో అవి కనబడవు. కాబట్టి వాటికోసం ఎండ రోజున ఇంకోసారి వెళ్లాలి. ఎండ రాతిని రాసుకుంటూ ఏటవాలుగా పడే వైపు ఎంచుకుని దగ్గరగా తీయండి. నునుపు రాతి మీద ఆకాశం మెరుస్తుంటే లెన్స్‌కు పోలరైజర్ (మెరుపును తగ్గించే ఫిల్టర్) పెట్టి, రాతికి సుమారు 35 డిగ్రీల కోణంలో నిలబడండి.

దగ్గర నుంచి వైడ్ లెన్స్ పైకెత్తితే స్తంభం వాలుతుంది. వెనక్కి జరిగి, 50 నుంచి 85 మి.మీ. లెన్స్‌తో కెమెరాను నిటారుగా పట్టుకోండి. ఫోన్ అయితే రెండింతల జూమ్ వాడండి.

దండలు, నినాదాలిచ్చేవాళ్లు అడ్డమని చెరిపేయకండి. స్థూపం ఇప్పటికీ ఎవరికి ఏమవుతుందో చెప్పేది వాళ్లే. ఫోటో కింద తేదీ తప్పక రాయండి. తొమ్మిది రేకులు అప్పటి తొమ్మిది జిల్లాలని కూడా రాయండి, లేకపోతే ఇప్పటి 33 జిల్లాలు తెలిసిన పిల్లలకు ఆ లెక్క అందదు.

ప్రశ్న: హుస్సేన్‌సాగర్ దగ్గర 2023లో ప్రారంభించిన తెలంగాణ అమరుల స్టీలు స్మారకానికీ పోలరైజర్ పనికొస్తుందా?

జవాబు: పెద్దగా పనిచేయదు, లోహం మీది మెరుపును అది కోయలేదు. సూర్యుడు అస్తమించాక పదిహేను, ఇరవై నిమిషాలకు ట్రైపాడ్ మీద తీయండి. అప్పుడు స్టీలు మీద ఆకాశపు నీలం సమంగా పరుచుకుంటుంది.