వడ్డీకాసులవాడికి భయపడాలా?

ప్రశ్న: మాది చిత్తూరు. ఇంటి ముందు గదిలో మిషను వేసుకొని జాకెట్లు కుడతాను. మా ఆయన కాలు విరిగి ఆరు నెలలు పనికి పోలేకపోయినప్పుడు ఒక ప్రైవేటు ఫైనాన్సులో అప్పు తీసుకున్నాము. మూడు వాయిదాలు తప్పాయి. పొద్దున్నే ఫోను మోగితే చేతులు వణుకుతున్నాయి. రెండు రోజులుగా దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేస్తున్నాను. వెంకటేశ్వరస్వామికి మూడు ముడుపులు కట్టాను, ఒక్క మొక్కూ చెల్లించలేదు. ‘ఆయన వడ్డీకాసులవాడు, ఆలస్యమైతే వడ్డీతో సహా వసూలు చేస్తాడు’ అని మా అత్తగారు అంటున్నారు. నిజమైన భక్తి ఉంటే అసలు భయమే పుట్టదని పక్కింటివారు అంటున్నారు. నా భక్తిలో లోపం ఉందా?
— ఒక సోదరి, చిత్తూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఇద్దరు అప్పులవాళ్లు కనిపిస్తున్నారు. ఒకరు ఫోను చేసే ఫైనాన్సువారు, మరొకరు కొండమీది స్వామి. ముందు ఆ రెండో పేరు కొట్టివేద్దాం.

వడ్డీకాసులవాడన్న మాటకు మన ఇళ్లలో మీ అత్తగారు చెప్పిన అర్థమే ఎక్కువగా వినిపిస్తుంది కానీ, స్థలపురాణం చెప్పే కథ వేరు. పద్మావతీదేవితో పెళ్లికి చేతిలో కాసు లేక, బ్రహ్మ, శివుడు సాక్షులుగా కుబేరుడికి పత్రం రాసిచ్చి అప్పు చేసినవాడు శ్రీనివాసుడు. అసలు కలియుగాంతంలో తీరుస్తానని, అంతవరకు ఏటా వడ్డీ కడతానని ఆయన ఒప్పుకున్నాడు. ఆ కథలో వడ్డీ పుచ్చుకునేవాడు కుబేరుడు, కట్టేవాడు మన స్వామి. ఇంట్లో అవసరానికి అప్పు చేసి వాయిదాలు లెక్కపెట్టుకునేవారి బాధ ఆయనకు ఒకరు వివరించాల్సిన పని లేదు. (మొక్కు మరిచిపోకూడదని పిల్లలను హెచ్చరించడానికి పెద్దలు ఆ మాటను అటు తిప్పి ఉంటారు. అందులో తప్పు లేదు గానీ, కష్టంలో ఉన్న కోడలి మీద ప్రయోగించవలసిన మాట మాత్రం కాదది.) మూడు ముడుపులనూ ఒకే పసుపు గుడ్డలోకి మార్చి, చేతిలో డబ్బు ఆడినప్పుడు వస్తానని స్వామికి చెప్పుకోండి. నాలుగోది కట్టకండి.

ఇక పక్కింటివారి మాట. భగవద్గీత పదహారో అధ్యాయం దైవీసంపదలో, అంటే దైవగుణాలలో, మొట్టమొదట అభయాన్నే, భయం లేకపోవడాన్నే చెప్పింది, నిజమే. అయితే ఆ మాట విన్న అర్జునుడు మొదటి అధ్యాయంలో ఒళ్లు వణికి, గాండీవం చేజారి, రథంలో చతికిలబడినవాడే. వణికాడని కృష్ణుడు అతణ్ణి వదిలి పోలేదు.

తిరుమల మూలమూర్తిని తలచుకోండి. కుడిచేయి పాదాలను చూపే వరదహస్తం, ఎడమచేయి నడుము మీద ఆన్చిన కటిహస్తం. తనను శరణన్నవారికి సంసారసాగరం నడుము లోతేనని ఆ ఎడమచేతికి పెద్దలు భావం చెబుతారు. నడుము లోతు నీళ్లలో చీర తడుస్తుంది, ఒక్కోసారి అడుగూ జారుతుంది, అయినా ఒడ్డుకు నడిచి పోవచ్చు. నీళ్లే ఉండవని మాత్రం ఆయన ఏ చేత్తోనూ చెప్పలేదు.

కాబట్టి ఫోను బియ్యం డబ్బాలోంచి తీయండి. రేపు దీపం పెట్టాక అక్కడే కూర్చొని అసలెంత, కట్టిందెంత, మిగిలిందెంత అని కాగితం మీద రాయండి. వారు చేసేదాకా ఆగకుండా మీరే ఫోను చేసి, నెలకు ఎంత కట్టగలరో అంతే చెప్పండి. మొహమాటానికి పైన ఒక్క రూపాయి కూడా ఒప్పుకోకండి. ఈ వాయిదా కట్టడానికి రోజువడ్డీల జోలికి అసలే పోవద్దు. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీల తరఫున వసూలుకు వచ్చేవారు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తరువాత ఫోను చేయరాదని, బెదిరించరాదని, నలుగురిలో అవమానించరాదని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది. అలా జరిగితే తేదీ, సమయం రాసిపెట్టుకొని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. గడప దాటేటప్పుడు గోవిందా అనుకోండి, చేతులు వణికినా ఫరవాలేదు.

ప్రశ్న: నాకు 64 ఏళ్లు. ఏటా అలిపిరి మెట్లదారిలో నడిచి కొండకు వెళ్తాను. ఈ మధ్య చిరుత భయం పట్టుకుంది. చేతికర్ర తీసుకుపోతానంటే, స్వామి మీద నమ్మకం లేదా అని మనవడు ఎగతాళి చేస్తున్నాడు.
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: 2023 ఆగస్టులో ఆ దారిలో చిరుత దాడికి ఆరేళ్ల పాప బలైన తరువాత, నడిచివెళ్లే భక్తులకు కర్రలు ఇవ్వాలని నిర్ణయించింది దేవస్థానమేనండీ. స్వామి సన్నిధిని నడిపేవారికి లేని సంకోచం మీకెందుకు? పైగా 3,550 మెట్లంటే చిరుత లేకపోయినా మోకాళ్ల కోసమైనా కర్ర కావాలి. వెలుతురు ఉండగానే, పదిమందితో కలిసి, గోవింద నామం గొంతెత్తి చెబుతూ ఎక్కండి. మనుషుల అలికిడి వింటే చిరుత సాధారణంగా పక్కకే తప్పుకుంటుంది. ఈసారి మనవణ్ణి కూడా వెంటబెట్టుకు వెళ్లండి, సంచి మోస్తాడు.