మేకలు కొండ దిగితేనే కొండ మిగుల్తుందా?

ప్రశ్న: మాది కడప జిల్లా సిద్దవటం పక్క పల్లె సార్. తాతల కాడ్నుంచి లంకమల కొండ వారనే జీవాలు మేపుకుంటాండం. ఇప్పుడు అభయారణ్యం అని ఫారెస్టోళ్ళు అడ్డం పడతాండారు, కేసు పెడతామంటారు. చదువుకున్న మా పిల్లోడు కూడా మేకల వల్లే కొండ పాడైంది, అమ్మేద్దాం నాయనా అంటాండాడు. ఇది నిజమేనా?

జవాబు: మొత్తం నిజం కాదన్నా. మీ కలివికోడి సంగతే చూడండి, పగలు పొదల కింద నక్కి రాత్రి తిరిగే పిట్ట. 1900 తర్వాత ఎవరికీ కనబడక ఇంక లేదనే అనుకున్నారు, అట్లాంటిది 1986లో మళ్ళీ దొరికింది మీ రెడ్డిపల్లె దగ్గరే, బాంబే నుంచి వచ్చిన పరిశోధకులకి పట్టి చూపించింది కూడా అక్కడి ఊరి మనిషే. దానికోసమే అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలవ దారి కూడా మార్చారు. ఐతే ఆ పిట్టకి కావాల్సింది చిక్కటి అడివి కాదు, కలివి, రేగు లాంటి ముళ్ళపొదలు, వాటి మధ్యలో పరిగెత్తడానికి కాస్త ఖాళీ నేల. పొదలు నరికేస్తే అది ఉండదు, ఎవరూ అడుగుపెట్టక పొదలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినా ఉండదు. మితంగా మేపితే ఆ నేలకి చెడుపేం లేదు.

మితంగా అన్నాను, అది మాత్రం గట్టిగా పట్టుకోండి. ఎండాకాలంలో కొత్త గడ్డి వస్తుందని కొండకి అగ్గి పెట్టేవాళ్ళున్నారు చూడండి, అది ఎవరు చేసినా నేను ఒప్పుకోను, నేల మీద గుడ్లు పెట్టే పిట్టలు, అప్పుడే లేస్తున్న ఎర్రచందనం మొక్కలు అన్నీ ఒక్క రాత్రిలో కాలిపోతాయి. ఎర్రచందనం సహజంగా పెరిగేది మన శేషాచలం, పాలకొండలు, వెలిగొండ, లంకమల వైపే, దారి చూపిస్తే డబ్బులిస్తాం అని వచ్చేవాళ్ళ వెంట మన పిల్లోళ్ళు పోతే జైలుకి పోయేదీ వాళ్ళే.

ఇంక హక్కు విషయం. 2006 అటవీ హక్కుల చట్టం ఎస్టీలకి మాత్రమే అని చాలామంది అనుకుంటారు, కానీ 2005 డిసెంబర్ 13కి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, అడివి మీద ఆధారపడి బతికినవాళ్ళకి కూడా వర్తిస్తుంది, మేపుకునే హక్కు అందులో రాసే ఉంది, అభయారణ్యం లోపల కూడా చెల్లుతుంది. గ్రామసభలో అటవీ హక్కుల కమిటీ వేసుకుని ఊరంతా కలిసి ఫారం బి, అంటే సామూహిక హక్కుల దరఖాస్తు, పెట్టండి. రెండు రకాల రుజువులు కావాలి. ట్రంకుపెట్టెలో తాతల నాటి పుల్లరి (మేపుకునేందుకు కట్టిన పన్ను) రసీదు ఏదన్నా ఉందేమో వెతకండి, ఊరి పెద్దాయన చెప్పింది రాయించినా ఒక రుజువే, కాకపోతే ఆయన దరఖాస్తుదారుడు కాకూడదు. అక్కడ్నుంచి సబ్ డివిజన్ కమిటీకి, తర్వాత కలెక్టర్ కమిటీకి పోతుంది. లేటవుతుంది, వదలకండి. అడివిని కాపాడే అధికారం కూడా గ్రామసభకి ఆ చట్టమే ఇచ్చింది కాబట్టి ఏ వైపు ఎప్పుడు మేపాలి, ఏ వైపు వదిలెయ్యాలి, అగ్గి పెట్టినోడిని ఏం చెయ్యాలి అనేది మీరే తీర్మానం రాసుకోండి. మీ పిల్లోడు చదువుకున్నాడు కదా, ఆ రాతపని వాడికే అప్పజెప్పండి.

ప్రశ్న: నల్లమలలో పులులు బతకాలంటే చెంచులని బయటికి తేవాల్సిందే అని మా ఆఫీసులో వాదన. మీరేమంటారు? (కర్నూలు పాఠకురాలు)

జవాబు: బలవంతంగా తేవడం చట్టమే ఒప్పుకోదమ్మా, గ్రామసభ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. పులి అడుగు చూసి ఎటు పోయిందో చెప్పగలిగినవాళ్ళు వాళ్ళు, అటవీశాఖే కాపలా పనికి వాళ్ళని పెట్టుకుంటుంది. వాళ్ళు తపసి చెట్టు నుంచి తీసే బంక సంగతి కూడా అంతే, చెట్టుకి లోతుగా గాటు పెడితే బంక ఎక్కువ కారుతుంది గానీ చెట్టు చచ్చిపోతుంది, పైపైన చిన్న గాటు పెట్టి మానేదాకా ఆగితే ఏళ్ళ తరబడి ఇస్తుంది. అట్లా ఆగాలంటే ఆ తక్కువ బంకకే మంచి రేటు రావాలి, దళారి చేతిలో పడితే రాదు. మీరు తేనె కొనేటప్పుడు జీసీసీ (గిరిజనుల దగ్గర అటవీ సరుకు కొనే ప్రభుత్వ సహకార సంస్థ) స్టోర్‌లో గిరిజన్ తేనె అడిగి కొనండి, ఆఫీసులో వాళ్ళకి కూడా చెప్పండి.