తుమ్ముల సంగతి సరే, ముందు ఆ వేలు చూపించుకోండి

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. తిరుపతిలో ఉంటాం. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. లాక్‌డౌన్ పెట్టినప్పటి నుంచి మిద్దె మీద కుండీల్లో గులాబీ, మల్లె, కనకాంబరం పెంచుతున్నాను. పొద్దున్నే మొక్కల దగ్గరికి వెళ్తే ఒకటే తుమ్ములు, కళ్ల దురద. కరోనా ఏమోనని టెన్షన్‌గా ఉంది. నాలుగు రోజుల కిందట పేడ ఎరువు వేస్తుంటే చూపుడు వేలికి గులాబీ ముల్లు దిగి వాచింది. పసుపు పెట్టి, మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు వేసుకుంటున్నాను. ఈ తుమ్ములు తగ్గేదెలా?

జవాబు: మొక్కల దగ్గరే తుమ్ములొచ్చి, కిందికి దిగాక తగ్గిపోతుంటే ఎక్కువ శాతం అలర్జీయే అమ్మా. మాస్కు కట్టుకుని పని చేసుకోండి. జ్వరం, దగ్గు, ఆయాసం, వాసన తెలియకపోవడం లాంటివి ఉంటే మాత్రం కరోనా పరీక్ష చేయించుకోవాలి.

నన్ను కంగారు పెడుతున్నది మీ వేలు. షుగర్ ఉన్న మనిషి, పేడ అంటిన చెయ్యి, లోతుగా దిగిన ముల్లు, నాలుగు రోజులైనా తగ్గని వాపు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చూపించుకోమనే చెబుతాను, మీకు నాలుగూ ఉన్నాయి. ముల్లు కొస లోపలే విరిగి ఉంటే మాత్రలతో మానదు, తీయాల్సిందే. పేడలో, మట్టిలో ధనుర్వాతం క్రిములుంటాయి. టీటీ వేయించుకుని ఐదేళ్లు దాటినా, ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోయినా ఇప్పుడు వేయించుకోండి. ఆలస్యమైందని మానేయొద్దు. కరోనా భయంతో పెద్దాసుపత్రికి వెళ్లలేకపోతే మీ దగ్గరలోని పట్టణ ఆరోగ్య కేంద్రానికైనా వెళ్లండి.

ఇక ఆ మాత్రలు. పేర్లు రాయలేదు, బహుశా మీకూ తెలియవు. స్ట్రిప్ లోంచి కత్తిరించి కాగితంలో పొట్లం కట్టి ఇస్తే ఎవరికి మాత్రం ఏం తెలుస్తుంది? ఇలాంటి పొట్లాలు విప్పి చూస్తే ఒక యాంటీబయాటిక్, ఒక నొప్పి మాత్ర, వాటితోపాటు ఒక చిన్న స్టెరాయిడ్ మాత్ర కనిపించడం మాకు కొత్త కాదు. మీ పొట్లంలో ఏముందో చూడకుండా చెప్పలేను. ఒకవేళ స్టెరాయిడే అయితే వాపు తగ్గినట్టే ఉంటుంది, లోపల చీము పెరుగుతుంది, షుగర్ ఎగబాకుతుంది. యాంటీబయాటిక్ కూడా రెండు రోజులు వేసుకుని ఆపేసేది కాదు. లాక్‌డౌన్‌లో డాక్టర్ దొరకలేదంటారు, ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు ఫోన్లో చూసే డాక్టర్లు ఉన్నారు. వేలి ఫొటో, మాత్రల ఫొటో పంపినా కొంత తెలుస్తుంది. షుగర్ మందులు మాత్రం మానొద్దు. గ్లూకోమీటర్ ఉంటే ఈ రోజే చూసుకోండి.

వేలు వంగిపోయి చాపలేకపోతున్నా, చాపితే ప్రాణం పోయేంత నొప్పి వస్తున్నా, ఎర్రదనం అరచేతికి పాకుతున్నా, చలిజ్వరం వచ్చినా రేపటి దాకా ఆగొద్దు. మీ ఊళ్లోని రుయా ఆసుపత్రికో మరే పెద్దాసుపత్రికో క్యాజువాలిటీకి వెళ్లండి. దవడ బిగుసుకున్నట్టు అనిపించినా అంతే. కొన్ని వారాల తర్వాత చేతి పొడవునా వరుసగా గడ్డలు లేస్తే గులాబీ ముల్లు సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. ముల్లుతో వచ్చే ఒక ఫంగస్ అలా ఉంటుంది, దానికి మామూలు యాంటీబయాటిక్ పనిచేయదు.

పసుపు కడిగేయండి. పుండు మానేదాకా మట్టిలో చెయ్యి పెట్టొద్దు, నీళ్లు ఇంట్లో ఇంకెవరైనా పోస్తారు. మానాక కూడా దళసరి గ్లౌజులు లేకుండా గులాబీ జోలికి వెళ్లకండి.