టీనేజీ పిల్లలకు ఇంటి నుంచే గ్రంథాలయ కార్యక్రమాలు: చదవమనకండి, పని అప్పజెప్పండి

13 నుంచి 17 ఏళ్ల పిల్లలు గ్రంథాలయం గుమ్మం తొక్కడం లేదు, సెలవుల్లో ఇంటి దగ్గర నుంచే వాళ్లని పుస్తకాల్లోకి ఎలా దించాలి అని అడిగారు. పుస్తక సమీక్షల పోటీ, క్విజ్, జూమ్‌లో రచయితతో ముఖాముఖి, ఈ మూడింటినీ ముందు పక్కన పెట్టేయండి. సమీక్ష చాట్‌బాట్ రాసిస్తుంది, క్విజ్ జవాబులు గూగుల్ చెబుతుంది, ముఖాముఖిలో కెమెరాలు ఆపేసి గేములాడుకుంటారు. పొద్దున స్టడీ అవర్ నుంచి రాత్రి ట్యూషన్ దాకా చదువు, చదువు అని వినీ వినీ విసిగి ఉన్న పిల్లాడికి గ్రంథాలయం కూడా అదే పాట పాడితే ఎందుకొస్తాడు? అందుకే పని ఇవ్వాలి. ఉత్తుత్తి పని కాదు, గ్రంథాలయాలకు నిజంగా మిగిలిపోయిన పని.

అలాంటిది ఒకటి సిద్ధంగా ఉంది. వికీపీడియాకు తోబుట్టువైన ఉచిత పుస్తకాల సైటు తెలుగు వికీసోర్స్‌లో కాపీహక్కుల గడువు తీరిన పాత పుస్తకాల స్కాన్లున్నాయి. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్లు దాటాలి. గురజాడ 1915లో, కందుకూరి 1919లో పోయారు కాబట్టి అటువంటివారితో పేచీ లేదు. స్కాన్ నుంచి యంత్రం తీసిన అక్షరాలు తప్పుల తడకగా ఉంటాయి. వాటిని మనిషి కూర్చుని దిద్దాలి. పేజీ ఎరుపు రంగులో ఉంటే ఎవరూ దిద్దలేదని, పసుపు అంటే ఒకరు దిద్దారని, ఆకుపచ్చ అంటే రెండో మనిషి సరిచూశారని. పసుపు చేసినవాళ్లే ఆకుపచ్చ చేయడానికి సైటు ఒప్పుకోదు. జంటలుగా పని పంచడానికి ఇది బాగా కుదురుతుంది, ఒకరి తప్పు ఇంకొకరు పట్టుకోవడంలో ఆ వయసు పిల్లలకు ఉండే సరదా వేరే చెప్పక్కర్లేదు.

ఎనిమిది మందితో మొదలుపెట్టండి. ఖాతాకు ఈమెయిల్ తప్పనిసరి కాదు. అసలు పేరు, బడి పేరు కాకుండా ఏదైనా మారుపేరు పెట్టుకోమనండి. లాగిన్ కాకపోతే పేజీ రంగు మార్చలేరు, మొదటి రోజు సగం ఫోన్‌కాల్స్ దీని గురించే వస్తాయి. 'సవరించు' నొక్కితే ఒక పక్క అక్షరాలు, ఇంకో పక్క స్కాన్ బొమ్మ కనిపిస్తాయి. ఫోన్‌లో ఇది ఇరుకు. బ్రౌజర్‌లో డెస్క్‌టాప్ సైట్ ఎంచుకుని ఫోన్ అడ్డంగా తిప్పాలి. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే ఇంకా మేలు.

ఇక తప్పులు. యంత్రం పు-వు, మ-వు, ధ-థ మధ్య తికమకపడుతుంది. అరసున్న దగ్గరైతే చేతులెత్తేస్తుంది. 'వాఁడు' అన్నది 'వాడు' అయిపోతుంది, లేదా మధ్యలో బ్రాకెట్ గుర్తో ఇంగ్లిష్ 'సి' అక్షరమో వచ్చి కూర్చుంటుంది. ఫోన్ కీబోర్డులో అరసున్న వెతుక్కోవడం పెద్ద తలనొప్పి, అందుకని ఁ, ఱ ఈ రెండింటినీ ఒక నోట్‌లో దాచుకుని అతికించుకోమని ముందే చెప్పండి. పంక్తి చివర విరిగిన మాటను కలపాలి, పేజీ పైన ఉండే పుస్తకం పేరు, పుట సంఖ్య శీర్షం (హెడర్) పెట్టెలోకి వెళ్లాలి, కొత్త పేరాకు ముందు ఒక ఖాళీ పంక్తి ఉండాలి. ఇంతే.

అసలు చిక్కు వేరే ఉంది. పిల్లలు పుస్తకాన్నే దిద్దేస్తారు. 'చేయుచుండెను' కనబడగానే వేళ్లు ఆగవు, 'చేస్తుండెను' అని మార్చేస్తారు. కీబోర్డు ఆటోకరెక్ట్ కూడా అదే పని చేస్తుంది, దాన్ని ఆపించండి. తెలివైనవాడొకడు స్కాన్ ఫొటోను చాట్‌బాట్‌కి ఇచ్చి, వచ్చింది అతికించేస్తాడు. అది చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, కానీ అరసున్నలు ఎగిరిపోయి ఉంటాయి, ఎక్కడో ఒక పంక్తి కూడా. పట్టుకోవడం సులువే: పేజీలో ఏవైనా మూడు పంక్తులు తీసి స్కాన్‌లోని అరసున్నలు, టైపులోని అరసున్నలు లెక్కపెట్టండి. తేడా వస్తే పేజీని పసుపు నుంచి వెనక్కి ఎరుపులోకి పంపండి, తిట్టక్కర్లేదు.

మొదటి పేజీకి అరగంట పడుతుంది, అలవాటయ్యాక పావుగంట. వారానికి ఒక్కొక్కరు ఒక పేజీ దిద్ది, జంటవాళ్ల పేజీ ఒకటి సరిచూస్తే వారానికి ఎనిమిది పేజీలు ఆకుపచ్చవుతాయి. ఏడు వారాల వేసవి సెలవులకు 56. కాబట్టి 50 పేజీల చిన్న పుస్తకమే ఎంచుకోండి. 400 పేజీల పురాణం నెత్తిన పెడితే మే నెలాఖరుకి ఒక్కరూ మిగలరు. సర్టిఫికెట్ అడిగే తల్లిదండ్రులుంటారు, పిల్లల ఖాతాలో తేదీలతో సహా మార్పుల జాబితా కనిపిస్తుంది, అదే చూపించండి.

టైపింగ్ అంటే ఇష్టం లేనివాళ్లకు వాదన పెట్టండి. తెలుగులో మొదటి ఆధునిక కథ 1910 నాటి గురజాడ 'దిద్దుబాటు' అని చాలాకాలం చెప్పుకున్నారు. 1902లోనే వచ్చిన భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి'దే ఆ గౌరవమని ఇంకొందరంటారు. ఒకదాంట్లో సానిపాటకు తిరిగే భర్తను దారికి తెచ్చే భార్య, ఇంకోదాంట్లో భర్త తెచ్చిన దొంగసొమ్ము ముట్టనన్న భార్య. రెండూ చిన్న కథలే. శుక్రవారం పంపి, ఆదివారం దాకా ఒక్కొక్కరి నుంచి నిమిషం దాటని వాయిస్ మెసేజ్ అడగండి. షరతు ఒక్కటే, ఏ మాట అన్నా కథలోంచి ఒక వాక్యం చదివి చూపించాలి. ఆ షరతు లేకపోతే కథ చదవకుండానే మాట్లాడేస్తారు, మన టీవీ చర్చల్లాగా.

వాట్సాప్ గ్రూపు మాత్రం వద్దు. ఆడపిల్ల నంబరు ముక్కూమొహం తెలియని ఇరవై మందికి కనబడుతుందంటే ఏ తల్లీ ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే న్యాయం. బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడండి. జవాబులు లైబ్రేరియన్‌కే వస్తాయి, ఆమె వాటిని మిగతావాళ్లకు పంపుతుంది. అవతలివాళ్లు లైబ్రేరియన్ నంబరు సేవ్ చేసుకోకపోతే బ్రాడ్‌కాస్ట్ చేరదు. 'మాకేం రాలేదండీ' అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దీనివల్లే.

ఇంగ్లిష్ మీడియం పిల్లలకు స్టోరీవీవర్ బాగుంటుంది. ప్రథమ్ బుక్స్ 2015లో పెట్టిన సైటు, చిన్నపిల్లల బొమ్మల కథలను ఎవరైనా ఉచితంగా అనువదించుకోవచ్చు. మొదటి స్థాయి కథతో మొదలుపెట్టించండి. పేజీకి ఒకటి రెండు వాక్యాలే కదా అని తేలిగ్గా దిగుతారు, తీరా చూస్తే ఆ ఒక్క వాక్యం దగ్గరే గంట కూర్చుంటారు. అయ్యాక తమ్ముడికో చెల్లికో చదివి వినిపించమనండి. ఆ పిల్ల మధ్యలో లేచిపోయిన చోట అనువాదం బాగోలేదని లెక్క. అమెరికాలో ఉన్న మేనమామ పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చి చదవడం రాకపోతే, వీళ్లు చదివి రికార్డు చేసి పంపొచ్చు.

వీటికి డబ్బెక్కడిది అనకండి, పెద్దగా ఖర్చు లేదు. ఆ మాటకొస్తే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతూనే ఉన్నాం. పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేయక ఏళ్ల తరబడి బకాయి పెట్టిన వార్తలు కొత్తవేం కావు. 1935లోనే గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవకెక్కించి కృష్ణా కాలువ మీద ఊరూరా తిప్పారు, ఇప్పుడేమో శాఖా గ్రంథాలయంలో వైఫై అడిగితే బడ్జెట్ లేదంటారు.

వేళ సంగతి కూడా చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి ఏడున్నరకు ఏదీ పెట్టొద్దు, ఐపీఎల్ ముందు మీరు నిలబడలేరు. ఉదయం పదకొండు మంచిది. పదో తరగతి, ఇంటర్ పిల్లలను జనవరి నుంచి పరీక్షలయ్యేదాకా వదిలేయండి. ఆ మూడు నెలలూ ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లతోనే నడపండి. దిద్దడం నేర్చుకున్న పెద్దపిల్లలు ఏప్రిల్లో తిరిగొచ్చేసరికి సరిచూడాల్సిన పసుపు పేజీలు వాళ్లకు సిద్ధంగా ఉంటాయి.