గ్రేట్‌ఫుల్ డెడ్ వినాలంటే కార్నెల్ 1977తో మొదలుపెట్టండి, అదీ రెండో సెట్ నుంచి

"స్టూడియో ఆల్బమ్‌లు రెండు విన్నాను, మామూలుగానే అనిపించాయి. గ్రేట్‌ఫుల్ డెడ్‌కి ఇంత పేరెందుకు? లైవ్ రికార్డింగుల్లో ముందు ఏది వినాలి?" అని అడిగారు కదా. 1977 మే 8న న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకాలో, కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాల్లో ఈ అమెరికన్ రాక్ బ్యాండ్ చేసిన కచేరీ వినండి. వాళ్ల కచేరీ మధ్యలో విరామం ఉంటుంది, దానికి ముందు భాగం మొదటి సెట్, తర్వాతది రెండో సెట్. మొదటి సెట్ తర్వాతైనా వినొచ్చు, ముందు రెండో సెట్ పెట్టుకోండి.

న్యూజెర్సీలో నాతో పనిచేసిన ఒక పెద్దాయన నాకు ఈ బ్యాండ్‌ని పరిచయం చేశారు. ఆయన దగ్గర అట్టపెట్టెల నిండా కేసెట్లు ఉండేవి, ఒక్కోదాని మీద తేదీ, ఊరు, పాటల వరస చేత్తో రాసి. ఈ బ్యాండ్ తన కచేరీలను అభిమానులు రికార్డ్ చేసుకోవడానికి అడ్డు చెప్పలేదు. 1984 నుంచైతే మైకులు నిలబెట్టుకునేవాళ్లకు హాల్లో వేరే చోటే కేటాయించింది. ఖాళీ కేసెట్లు, తపాలా ఖర్చు పంపితే చాలు, రికార్డింగులున్న అభిమానులు కాపీ చేసి పంపేవాళ్లు. డబ్బుకి అమ్మడం తప్పు అన్నది వాళ్లలో వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. స్టూడియో ఆల్బమ్‌లో మీకు దొరకనిది ఈ కేసెట్లలో ఉంది.

ఇప్పుడు రెండో సెట్ సంగతి. మొదట్లోనే, ముందు వరసలవాళ్లు నలిగిపోతున్నారని బ్యాండ్ గిటారిస్టు, గాయకుడు బాబ్ వీర్ జనాన్ని ఒక్కో అడుగు వెనక్కి వెయ్యమంటాడు. వెంటనే 'స్కార్లెట్ బిగోనియాస్' మొదలవుతుంది. 1974 ఆల్బమ్‌లో ఇది నాలుగు నిమిషాల పాట. ఇక్కడ మాటలు అయిపోయాక కూడా వాయిద్యాలు ఆగవు, అలా సాగుతూ సాగుతూ 'ఫైర్ ఆన్ ద మౌంటెన్'లోకి వెళ్లిపోతాయి. రెండూ కలిపి 25 నిమిషాల పైనే. ఈ రెండు పాటల్నీ కలపడం వాళ్లు ఆ ఏడాది మార్చిలోనే మొదలుపెట్టారు. 'ఫైర్' బ్యాండ్ ఆల్బమ్‌లోకి ఎక్కింది 1978లో. అంటే మీరు వినేది ఇంకా గట్టిపడని పాట. దాని హద్దులు ఎక్కడున్నాయో వాళ్లు స్టేజీ మీదే వెతుక్కుంటున్నారు. నాకు ఈ రికార్డింగులో అన్నిటికన్నా ఇష్టమైన విషయం అదే.

ఎలా వినాలో కూడా చెప్తాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. జెర్రీ గార్సియా గిటార్ మీద కాదు, ఫిల్ లెష్ బేస్ (మంద్ర స్వరాలు పలికే గిటార్) మీద చెవి పెట్టండి. రాక్‌లో బేస్ సాధారణంగా కింద పునాదిలా ఉంటుంది. లెష్ మాత్రం ట్రంపెట్ వాయించి, ఆధునిక స్వరరచన చదువుకుని వచ్చినవాడు. బ్యాండులో చేరాకే బేస్ పట్టాడు. అందుకే ఆయన బేస్ గార్సియా గిటార్‌తో మాట్లాడుతుంది, కొన్నిచోట్ల ఎదురు ప్రశ్న వేస్తుంది. మన కచేరీలో గాయకుడు ముందు నడుస్తాడు, వయొలిన్ వెంట వస్తుంది. ఇక్కడ ముందు నడిచేవాడు క్షణక్షణానికీ మారిపోతుంటాడు. రెండోసారి విన్నప్పుడు కీత్ గాడ్‌షా పియానోని, మూడోసారి ఇద్దరు డ్రమ్మర్లనీ పట్టుకోండి. ప్రతిసారీ పాట వేరుగా వినిపిస్తుంది.

'ఫైర్'లో ఉన్నవి రెండే కార్డ్‌లు (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు). అంత తక్కువ సరంజామాతో అంతసేపు ఎలా నిలబడ్డారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఇందులో మనకు దగ్గరి సంగతి కూడా ఒకటుంది. డ్రమ్మర్ మిక్కీ హార్ట్ ఉస్తాద్ అల్లా రఖా దగ్గర నేర్చుకున్నవాడు. హార్ట్ జాకిర్ హుస్సేన్‌తో కలిసి దిగా రిథమ్ బ్యాండ్ పేరుతో 1976లో చేసిన ఆల్బమ్‌లో, ఈ పాట మాటల్లేని తొలి రూపంలో వినిపిస్తుంది. మన తబలా పక్కన పుట్టి రాక్ వేదిక ఎక్కిన పాట ఇది.

ఇంత స్పష్టంగా వినిపించడానికి కారణం బెట్టీ కాంటర్-జాక్సన్. బ్యాండ్ సౌండ్ మనిషిగా ఆమె రీల్ టేపుల మీద తీసిన రికార్డింగులను అభిమానులు 'బెట్టీ బోర్డ్స్' అంటారు. ఏ వాయిద్యమూ ఇంకోదాన్ని మింగెయ్యదు. తర్వాత ఆమెకు డబ్బు ఇబ్బందులొచ్చి, అద్దె గోడౌన్‌లో దాచిన టేపులు 1986లో వేలానికి పోయాయి. కొన్నవాళ్ల ద్వారా అవి అభిమానుల చేతుల్లోకి చేరాయి. కార్నెల్ టేపు పేరు మోగిపోయింది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దీన్ని తన జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది. అధికారికంగా విడుదలైంది మాత్రం 2017లో, కచేరీ జరిగి 40 ఏళ్లయ్యాక! ఆ రాత్రి పనంతా చేసిన ఆమెకు రావాల్సినంత పేరు ఇప్పటికీ రాలేదని నా అభిప్రాయం.

"ఇదే వాళ్ల అత్యుత్తమ కచేరీ" అని వాదించేవాళ్లు చాలామంది ఉన్నారు. నేనంత మాట అనను. 1972 ఆగస్టు 27న ఆరెగాన్‌లోని వెనీటాలో వాయించిన 'డార్క్ స్టార్' దీనికంటే లోతుకు వెళ్తుంది. కానీ కొత్తగా వినేవాళ్లకు అది దారి దొరకని అడవి. కార్నెల్‌లో దారి కనబడుతుంది.

రెండో సెట్ చివర్లో వచ్చే 'మార్నింగ్ డ్యూ' మాత్రం వదలొద్దు. అణుయుద్ధం తర్వాత మిగిలిన ఇద్దరి సంభాషణ అది. గార్సియా దాదాపు గొణిగినట్టు మొదలుపెట్టి, ఆఖరికి గిటార్ తీగలన్నీ ఒక్కసారి వేగంగా మీటుతూ హాలంతా నింపేస్తాడు. ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org) వెబ్‌సైట్‌లో ఈ కచేరీ ఉచితంగా వినొచ్చు. డ్రైవింగ్‌లో కాకుండా ఇంట్లో కూర్చుని, మధ్యలో ఆపకుండా వినండి. 'ఫైర్' మధ్యలో బోర్ కొడితే పాట మార్చకండి, చెవిని ఇంకో వాయిద్యం మీదికి మార్చండి. విన్నాక బేస్ మీకెలా అనిపించిందో ఇక్కడే రాయండి, వెనీటా ఎక్కడి నుంచి వినాలో అప్పుడు చెప్తాను.