హనోయ్ వెళ్లొచ్చేలోపు రూపాయికి ఎన్ని కోతలు?

ప్రశ్న: మాది కరీంనగర్. నేను, మావారు ఇద్దరం ప్రైవేటు ఉద్యోగులం. ఇద్దరి జీతాలు కలిపి నెలకు 92,000 చేతికొస్తాయి. దసరా సెలవుల్లో అత్తమ్మను (63 ఏళ్లు), పాపను (9 ఏళ్లు) తీసుకుని వియత్నాం రాజధాని హనోయ్‌కి ఐదు రాత్రులు, ఆరు రోజులు వెళ్దామనుకుంటున్నాం. ఏజెంటు నలుగురికీ కలిపి 2,12,000 ప్యాకేజీ చెప్పాడు, టీసీఎస్ (ప్యాకేజీ అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) అదనమట. ఆగస్టులో మా ఆర్డీ 2,40,000 వస్తుంది. ‘అది కదిలించకండి, పన్నెండు నెలల ఈఎంఐ పెట్టిస్తా’ అంటున్నాడు. ఎఫ్‌డీలో ఇంకో 3 లక్షలున్నాయి. విడిగా చూస్తే విమానం టికెట్ రానుపోను మనిషికి 23,500 ఉంది. ఏది మేలు? డబ్బు డాలర్లలో తీసుకెళ్లాలా, ఫారెక్స్ కార్డా, ఉన్న క్రెడిట్ కార్డు చాలా? అత్తమ్మ శాకాహారి.

జవాబు: నమస్తే మేడమ్. ముందు ఈఎంఐ సంగతి తేల్చేద్దాం. వద్దు. 2,12,000 మీద 15 శాతం వడ్డీ అనుకుంటే నెలకు సుమారు 19,100 కడతారు, ఏడాదిలో వడ్డీయే 17,600 అవుతుంది. ఏజెంటు ‘నో కాస్ట్ ఈఎంఐ’ అని చెప్పినా, వడ్డీ లేదని అర్థం కాదు. ఒకేసారి కట్టేవాళ్లకు ఇచ్చే తగ్గింపును మీకు ఇవ్వకుండా, ఆ డబ్బుతో వడ్డీ సర్దుతారు. క్రెడిట్ కార్డు మీద పెడితే ఆ వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఏజెంటును ఒక్క మాట అడగండి: ‘మొత్తం ఇప్పుడే కడితే ఎంత తగ్గిస్తారు?’ ఆయన చెప్పే అంకె ఎంతో ఈఎంఐ అసలు ధర అంత. ఆర్డీ డబ్బు బ్యాంకులో ఉంచి మహా అయితే 7 శాతం సంపాదిస్తూ, ఆ వడ్డీకి పన్ను కడుతూ, ఇంకోవైపు 15 శాతానికి అప్పు చేయడంలో మీకు లాభం ఎక్కడా లేదు. ఆర్డీ వాడండి. ఎఫ్‌డీ జోలికి మాత్రం వెళ్లొద్దు, అది ఇంటి ఆపద కోసం.

ఇక ప్యాకేజీ. 2,12,000 చూడగానే 2,40,000లో ఇమిడిపోతుందనిపిస్తుంది. ఇలాంటి కోట్‌లలో మామూలుగా విమానం, హోటల్, టిఫిన్, హా లాంగ్ బే, నిన్ బిన్‌లకు ఒక్కో రోజు టూర్లు, విమానాశ్రయం కారు ఉంటాయి. వీసా, మధ్యాహ్నం, రాత్రి భోజనాలు, ఊళ్లో తిరుగుడు, ప్రవేశ టికెట్లు, బీమా, సిమ్, కొనుగోళ్లు ఉండవు. అవన్నీ కలిపితే ఇంకో 60,000 దాటుతుంది. పైన టీసీఎస్. 2025-26లో విదేశీ టూర్ ప్యాకేజీకి 10 లక్షల వరకు 5 శాతం ఉండేది, 2026 ఏప్రిల్ నుంచి మొదటి రూపాయి నుంచే 2 శాతం, అంటే మీకు 4,240. ఈ రేటు బడ్జెట్‌తో మారుతుంటుంది, కోట్‌లో ఎంత వేశారో చూడండి. జీఎస్టీ కలిసిందో లేదో కూడా రాతలో అడగండి. మొత్తం 2,76,000కు చేరుతుంది. 36,000 తక్కువ పడుతుంది, ఎఫ్‌డీ మీదికి చెయ్యి పోయేది అప్పుడే.

టీసీఎస్ పోయే డబ్బు కాదు. ఎవరి పాన్ ఇస్తే వాళ్ల పన్ను ఖాతాలో చేరుతుంది, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది. మీ ఇద్దరిలో పన్ను ఎక్కువ పడేవారి పాన్ ఇవ్వండి. అత్తమ్మ పాన్ మీద పడితే ఆ కాస్త కోసం ఆమె పేరున రిటర్న్ వేయాల్సి వస్తుంది. 2024 అక్టోబరు నుంచి జీతంలో కోసే టీడీఎస్‌లోనే దీన్ని సర్దమని ఆఫీసులో అడిగే వెసులుబాటు ఉంది. విమానం ఒకచోట, హోటల్ ఇంకోచోట మీరే విడిగా బుక్ చేసుకుంటే అది ప్యాకేజీ కిందికి రాదు, ప్యాకేజీ టీసీఎస్సూ పడదు.

విడిగా వెళ్తే ఎంత? లెక్క తేలిక కోసం డాలరు 90 రూపాయలు, వియత్నాం కరెన్సీ డాంగ్ లక్షకు 350 రూపాయలు అనుకుందాం. టికెట్లు 94,000 (చౌక సంస్థల ధరలో చాలాసార్లు చేతిసంచీ 7 కిలోలే కలిసి ఉంటుంది, లగేజీతో ఎంతో చూడండి). వీసాలు మనిషికి 25 డాలర్లు, నలుగురికి 9,000. హోటల్ రాత్రికి 5,500 చొప్పున 27,500. హా లాంగ్ ఒకరోజు టూరు మనిషికి 12 లక్షల డాంగ్ అనుకుంటే 16,800, నిన్ బిన్ 9 లక్షల చొప్పున 12,600. తిండికి రోజుకు 10 లక్షల డాంగ్, ఆరు రోజులకు 21,000. ఊళ్లో ప్రయాణాలు 10,000, ప్రవేశ టికెట్లు, బొమ్మలాట 5,000, బీమా, సిమ్ 6,500, కొనుగోళ్లు 15,000. మొత్తం 2,17,400. ఆర్డీలో ఇంకా 22,600 మిగులుతుంది. దాన్ని ఖర్చు కింద రాసుకోకండి. విమానం ధర పెరిగినా, ఒక పూట ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చినా అదే ఆదుకుంటుంది.

ఇప్పుడు మీరు అడిగిన అసలు విషయం. హనోయ్‌లో ధరలు మనల్ని పెద్దగా ముంచవు. రూపాయి రూపం మారిన ప్రతిసారీ కొంత కోత పడుతుంది, డబ్బు తెలియకుండా పోయేది అక్కడే. కాబట్టి ఎన్నిసార్లు మారుతుందో ముందే లెక్కపెట్టుకోవాలి.

విదేశీ కరెన్సీ ముందే నింపుకుని వెళ్లే ఫారెక్స్ కార్డు తీసుకుందాం. మన బ్యాంకుల కార్డుల్లో మామూలుగా డాంగ్ ఖాతా ఉండదు. మీరు రూపాయలిచ్చి డాలర్లు నింపుతారు, అక్కడ ఒక కోత. హనోయ్‌లో గీకగానే డాలర్లు డాంగ్‌గా మారతాయి, అక్కడ ‘క్రాస్ కరెన్సీ’ పేరుతో రెండో కోత. అది 3 శాతం అయితే 1,10,000 మీద 3,300. సింగపూర్‌కో బ్యాంకాక్‌కో ఆయా కరెన్సీ నింపుకుని వెళ్లేవాళ్లకు పనికొచ్చే కార్డు మీకు ఇక్కడ పెద్దగా పనికిరాదు. క్రెడిట్ కార్డులో ఆ మధ్యలో డాలర్ల కొనుగోలు ఉండదు, ఒకటే కోత: బ్యాంకు మార్కప్, అంటే విదేశీ ఖర్చు మీద బ్యాంకు అదనంగా వేసే చార్జీ. అది 3.5 శాతమైతే జీఎస్టీతో కలిపి 4.13 అవుతుంది. 2 శాతం కార్డులు, అసలు మార్కప్ లేని కార్డులు కూడా ఉన్నాయి. హోటల్, రెండు టూర్లు కార్డు మీద పెడితే సుమారు 57,000. మార్కప్ 3.5 ఉంటే 2,350 పోతుంది, లేకపోతే ఏమీ పోదు. ప్రయాణానికి ఇంకా నెలలున్నాయి కనుక మీ కార్డు మార్కప్ ఎంతో ఈ వారమే బ్యాంకు యాప్‌లో చూడండి, అంతర్జాతీయ వాడకం ఆన్ చేయడం మరవకండి.

కార్డు గీకినప్పుడు మెషీన్ తెర మీద రెండు మొత్తాలు కనిపించవచ్చు: ఒకటి డాంగ్‌లో, ఒకటి రూపాయల్లో. రూపాయలు చూడగానే మనసుకు హాయిగా ఉంటుంది, వేలు అటే పోతుంది. డాంగ్ నొక్కండి. రూపాయలు ఎంచుకుంటే ఆ మెషీన్ పెట్టిన కంపెనీ తన రేటు వేస్తుంది, అది చాలా ఎక్కువ. పైగా మీ బ్యాంకు కూడా వదలకుండా చార్జీ వేయవచ్చు. ఏటీఎంలోనూ ఇదే ప్రశ్న వస్తుంది. చిన్న దుకాణాల్లో కార్డుకు 3 శాతం అదనం అడగడం అక్కడ మామూలు. అలాంటిచోట నోట్లే ఇవ్వండి. గోడల మీద కనిపించే క్యూఆర్ కోడ్‌లు వియత్నాం బ్యాంకు ఖాతాలవి, వాటి మీద మన యూపీఐ నడుస్తుందని లెక్కేసుకుని వెళ్లొద్దు.

తిండి, ఆటోలాంటి చిన్న ఖర్చులు, సంత, టికెట్లు: వీటికి నోట్లు కావాలి. సుమారు 51,000 కాబట్టి 600 డాలర్లు చాలు, ఆరు వంద నోట్లు. ఇక్కడే డాంగ్ కొనొద్దు, మన దగ్గర దొరకడమే తక్కువ, దొరికినా రేటు బాగుండదు. డాలర్లకు పాస్‌పోర్ట్, పాన్ కావాలి, ప్రయాణానికి 60 రోజుల లోపే ఇస్తారు. 600 డాలర్లు 54,000 అవుతాయి గనుక రూపాయలు నగదుగా ఇవ్వడం కుదరదు, 50,000 దగ్గరే ఆ పరిమితి. ఖాతా నుంచి పంపండి. జీఎస్టీ వంద రూపాయల లోపే. మారకం దుకాణంలో ప్రతి నోటూ వెలుతురులో చూడండి: సిరా గీత, స్టాంపు, చిన్న చిరుగు, గట్టి మడత ఉంటే మార్చమనండి. హనోయ్‌లో అలాంటి నోటును వెనక్కిస్తారు, లేదా రేటు తగ్గిస్తారు. 50, 20 నోట్లకు కూడా వంద కన్నా తక్కువ రేటే ఇస్తారు.

నోయ్ బాయ్ విమానాశ్రయంలో ఒక వంద మార్చుకుంటే ఊళ్లోకి చేరడానికి, మొదటి రోజుకు సరిపోతుంది. మిగతావి ఊళ్లో బ్యాంకుల్లో, లైసెన్సు ఉన్న కౌంటర్లలో మార్చండి. హా ట్రుంగ్ వీధిలో బంగారం దుకాణాలు మంచి రేటిస్తాయని చాలామంది చెబుతారు. లైసెన్సు లేనిచోట మార్చడం అక్కడ చట్టవిరుద్ధం. 2018లో కాన్ థో నగరంలో ఒకతను బంగారం దుకాణంలో వంద డాలర్లు మార్చినందుకు 9 కోట్ల డాంగ్ జరిమానా వేశారు. తర్వాత మాఫీ చేశారు గానీ, ఆ తలనొప్పి మీకెందుకు?

నోట్లు చేతికి రాగానే ఒక పని చేయండి. 20,000 నోటు నీలం, 5,00,000 నోటూ నీలమే. రెండింటి మీదా వియత్నాం జాతీయ నాయకుడు హో చి మిన్ బొమ్మే. ఒకటి 70 రూపాయలు, ఇంకోటి 1,750. సాయంత్రం మసక వెలుతురులో, వెనక బైకులు హారన్ కొడుతుంటే, ఒకదానికి బదులు ఇంకోటి ఇచ్చేయడం చాలా తేలిక. వెనక్కి తిప్పి చూస్తే 20,000 మీద హోయ్ ఆన్ ఊరి కప్పు వేసిన వంతెన ఉంటుంది, 5,00,000 మీద హో చి మిన్ పుట్టిన ఇల్లు. పెద్ద నోటు కొంచెం పొడవు కూడా. 10,000, 2,00,000 నోట్లతోనూ ఇదే చిక్కు, రెండింటిలోనూ గోధుమ రంగు ఛాయ ఉంటుంది. 5 లక్షల, 2 లక్షల నోట్లు ఒక పర్సులో, మిగతావి ఇంకో పర్సులో పెట్టుకుంటే పొరపాటు జరగదు. పాపకు ఈ నోట్లు గుర్తుపట్టే పని అప్పగించండి, పిల్లలు మనకంటే త్వరగా పట్టేస్తారు. ధరలు చదవడం మాత్రం మనకు సుఖం: లక్ష అంటే 350 అని పెట్టుకుంటే చాలు. మెనూలో ‘60కె’ అంటే 60,000 డాంగ్, 210 రూపాయలు. టాక్సీ మీటరు మీద 35.0 అని ఉంటే 35,000.

నగదు అయిపోతే ఏటీఎం. ఒక్కసారికి 20 నుంచి 50 లక్షల డాంగ్ వరకే ఇచ్చే మెషీన్లు ఎక్కువ. మీ బ్యాంకు ఒక్కోసారికి 150, దాని మీద జీఎస్టీ కోస్తుందనుకోండి. 10 లక్షల చొప్పున నాలుగుసార్లు తీస్తే 708 పోతుంది, 40 లక్షలు ఒకేసారి తీస్తే 177. క్రెడిట్ కార్డుతో నగదు తీయొద్దు, తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

వీసా దగ్గర మనవాళ్లు పడే ఇబ్బంది పేరుతో. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు మన దగ్గర చాలా. పాస్‌పోర్టు అడుగున రెండు వరసల్లో ఉండే అక్షరాల్లో ఎలా ఉందో అలాగే ఈ-వీసాలో నింపండి. తేడా వస్తే ఫీజు తిరిగి రాదు, మళ్లీ 25 డాలర్లు. పాపకూ విడిగా వీసా కావాలి. ప్రభుత్వ సైటు పేరు చివర ‘గవ్ డాట్ వీఎన్’ అని ఉంటుంది. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు అదే పనికి చాలా ఎక్కువ తీసుకుంటాయి. మూడు పనిదినాలు అంటారు గానీ, మూడు వారాల ముందే పెట్టండి.

హోటల్ పాత బస్తీలో, హోన్ కియెమ్ సరస్సుకు నడిచి వెళ్లేంత దూరంలో తీసుకోండి, రోజూ రెండు టాక్సీల ఖర్చు తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త: అక్కడి ఇళ్లు వీధి వైపు బహు సన్నగా, లోపలికి పొడుగ్గా ఉంటాయి, మెట్లు నిటారుగా ఉంటాయి. అత్తమ్మ కోసం లిఫ్ట్ ఉందని రాతలో తీసుకున్నాకే డబ్బు కట్టండి. విమానాశ్రయం నుంచి 86 నంబరు బస్సుకు మనిషికి 45-50 వేల డాంగ్, గంట పడుతుంది. నలుగురికి, సామానుతో, గ్రాబ్ (మన ఓలా, ఊబర్ లాంటి యాప్) కారే నయం. ధర ముందే యాప్‌లో కనిపిస్తుంది, నగదు ఇవ్వొచ్చు. సైక్లో (మూడు చక్రాల రిక్షా) ఎక్కేముందు మాత్రం ‘మొత్తం బండికా, మనిషికా? డాంగా, డాలరా?’ అని అంకె ఫోన్‌లో కొట్టి చూపించి ఒప్పించుకోండి.

అత్తమ్మ భోజనానికి ‘చై’ అనే మాట గుర్తుపెట్టుకోండి, శాకాహారం అని. అది రాసి ఉన్న హోటళ్లు బౌద్ధులవి, ఇండియన్ రెస్టారెంట్ కన్నా చాలా తక్కువలో కడుపు నిండుతుంది. చాంద్రమాన నెల మొదటి రోజు, పున్నమి నాడు అక్కడివాళ్లు చాలామంది చై తింటారు, ఆ రోజుల్లో ఇంకా తేలిగ్గా దొరుకుతుంది. మామూలు హోటల్లో కూరగాయలే కదా అని తెప్పించుకుంటే చేపల రసం, నువొక్ మామ్, పడే ఉంటుంది.

హో చి మిన్ సమాధి భవనం పొద్దున పూటే తెరుస్తారు, సోమ, శుక్రవారాలు సెలవు. సాహిత్య దేవాలయం, 1070లో కట్టింది, టికెట్ 70,000 డాంగ్. లక్ష డాంగ్ నోటు వెనక ఉన్న మండపం అక్కడిదే, పాపకు నోటు పట్టుకుని పోల్చి చూపించండి. చాలాచోట్ల పిల్లల టికెట్ వయసును బట్టి కాక ఎత్తును బట్టి ఉంటుంది, పాప ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి పెట్టుకోండి.

హా లాంగ్ టూరును రెండో రోజో మూడో రోజో పెట్టండి, చివరి రోజున వద్దు. అక్టోబరు వరకు తుపాన్ల కాలం, 2024 సెప్టెంబరులో యాగి తుపాను ఆ తీరాన్ని చిత్తు చేసింది. గాలి ఎక్కువైతే రేవు అధికారులు పడవలు ఆపేస్తారు. అలా ఆగితే డబ్బు వెనక్కిస్తారా, రోజు మారుస్తారా అన్నది డబ్బు కట్టేముందే రాతలో అడగండి. బీమాలో అత్తమ్మ బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి. ప్రీమియం కొంత పెరుగుతుంది, రాయకపోతే క్లెయిమ్ మొత్తం పోవచ్చు.

తిరిగొచ్చేటప్పుడు మిగిలిన డాంగ్ నోయ్ బాయ్‌లోనే, చెక్-ఇన్‌కి ముందు మార్చేయండి, దానికి మారకం రసీదులు దాచి ఉంచండి. ఆ నోట్లు కరీంనగర్‌లో ఎవరూ తీసుకోరు. డాలర్లు మిగిలితే తొందరేం లేదు, 2,000 డాలర్ల వరకు ఇంట్లో ఉంచుకోవచ్చు.